అరకులోయకు సైకిలు యాత్ర: అర్ధబల నియమం

చలికాలం రాగానే మన తీరప్రాంతపు ఇండ్లలో అరకులోయ ప్రస్తావన మొదలవుతుంది. ఇటీవల యువకులు బస్సును, రైలును కాదని సైకిళ్ళపై ఆ కొండలెక్కాలని ఉత్సాహపడుతున్నారు. అది మంచిదే. అయితే కళింగపట్నం సముద్రమట్టాన ఉన్నది. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఈ ఎత్తును శరీరం ఏ విధంగా భరించవలెనో తెలుసుకొని బయలుదేరడం శ్రేయస్కరం.

నా వద్దకు వైద్యానికి వచ్చే ఒక ఉపాధ్యాయుడు, వయస్సు 52, మధుమేహానికి మాత్రలు వాడుతున్నవారు, "అయ్యా, మా అబ్బాయి అరకుకు సైకిలు మీద వెళ్తానంటున్నాడు. వాడితో నేనూ వెళ్ళవచ్చునా?" అని అడిగారు. నాడి చూసి మాత్రమే దీనికి జవాబు చెప్పరాదు. ముందుగా రక్తపోటు, చక్కెర, మూత్రపిండాల పరీక్షలు, ఇ.సి.జి. చేయించి, మాత్రలు వ్రాసిన వైద్యుని సలహా పొందవలెనని చెప్పాను. నలభై దాటిన వారందరికీ ఇదే నా మాట.

అర్ధబలం అనగా నేమి?

వ్యాయామాన్ని తన బలంలో సగం మేరకే చేయవలెనని, అదీ హేమంత, శిశిర, వసంత ఋతువులలోనేనని, తక్కిన కాలాలలో ఇంకా తగ్గించవలెనని ఆయుర్వేదం విధించింది. గురుకులంలో మా గురువుగారు దీని గుర్తులను మాచేత కంఠస్థం చేయించారు. నుదుట, ముక్కుపై, చంకలలో, కీళ్ళలో చెమట పట్టడం, నోరు ఎండడం కనిపిస్తే సగం బలం ఖర్చయినట్లే. ప్రక్కవానితో పూర్తి వాక్యం మాట్లాడలేకపోతే హద్దు దాటినట్లు. నేటి వైద్యులు కూడా ఈ మాటల పరీక్షనే చెబుతున్నారు.

మరొక విషయం చాలామందికి తెలియదు. ఆపరాని వేగాలలో మలమూత్రాలతో పాటు శ్రమవలన కలిగే రొప్పును కూడా వాగ్భటాచార్యులు చేర్చారు. దానిని బలవంతాన అణచితే హృద్రోగం, మూర్ఛ వంటివి కలుగుతాయని హెచ్చరించి, విశ్రాంతినే చికిత్సగా చెప్పారు. కనుక ఘాట్ రోడ్డుపై రొప్పు వచ్చినప్పుడు స్నేహితులు నవ్వుతారని పళ్ళు బిగించి తొక్కరాదు. దిగి, శ్వాస కుదుటపడిన తరువాత సైకిలును నడిపించుకుంటూ వెళ్ళడం చిన్నతనం కాదు.

నలభై రోజుల సన్నాహం

మొదటి పది రోజులు ఉదయాన్నే అరగంట సమతలంలో తొక్కవలెను. తరువాతి ఇరవై రోజులలో క్రమంగా రెండు గంటలకు పెంచవలెను. చివరి పది రోజులలో వారానికి రెండుసార్లు శాలిహుండం వరకు వెళ్ళి, అక్కడి బౌద్ధస్తూపాల కొండను కాలినడకన ఎక్కవలెను. ఆయాసం, ఛాతీలో బిగువు, తల తిరుగుడు లేకుండా ఎక్కగలిగిన వారే ఘాట్ గురించి ఆలోచించవలెను.

ప్రతిరోజూ స్నానానికి ముందు గోరువెచ్చని నువ్వులనూనెను తొడలకు, మోకాళ్ళకు, నడుముకు, అరికాళ్ళకు మర్దించవలెను. మడమను పెడలుపై ఉంచినప్పుడు కాలు నిటారుగా ఉండేటట్లు సీటు ఎత్తు సరిచేసుకుంటే మోకాళ్ళ నొప్పి చాలావరకు రాదు.

మజిలీలు

దారి మొత్తం సుమారు 200 కిలోమీటర్లు. దీనిని ఐదు రోజులుగా విభజించుకొనడం మంచిది.

మొదటి రోజు శ్రీకాకుళం, సుమారు 30 కి.మీ. రెండవ రోజు జాతీయ రహదారిపై నాతవలస మీదుగా విజయనగరం, సుమారు 70 కి.మీ. ఇదే పొడవైన మజిలీ. తెల్లవారగానే బయలుదేరి, ఎండ ముదిరాక విశ్రమించవలెను. మూడవ రోజు శృంగవరపుకోట, సుమారు 40 కి.మీ. ఊటీ, కొడైకెనాల్‌లలో వలె అరకు ఊరి నడుమ సరస్సు లేదు. ఆ ముచ్చట తీర్చుకోదలచినవారు ఈ రోజున కొంచెం దారి తప్పించి, గోస్తనీ నదిపై 1960లలో నిర్మించిన తాటిపూడి జలాశయం ఒడ్డున సేదదీరవచ్చును.

నాలుగవ రోజు అనంతగిరి వరకు, ఐదవ రోజు అరకుకు. ఈ రెండూ చెరి 30 కి.మీ. లోపే అయినా అసలు శ్రమ ఇక్కడే. ఘాట్ మొత్తాన్ని ఒకేరోజు ఎక్కాలనే పట్టుదల వద్దు. ఉపాధ్యాయుడి వంటివారు శృంగవరపుకోటలో విశాఖ–కిరండూల్ రైలెక్కి అరకులో కుమారుని కలుసుకోవచ్చును. నేను వారికి ఇదే సూచించాను.

తుఫాను భయం తగ్గే పుష్య, మాఘ మాసాలు అనుకూలం. వర్షాకాలంలో ఘాట్‌పై కొండచరియలు విరిగిపడే ప్రమాదం గలదు.

ఆహారం, నీరు

ప్రయాణానికి గంట ముందు మజ్జిగ కలిపిన చోడి అంబలి త్రాగవలెను. దారిలో ఉప్పు, జీలకర్రపొడి వేసిన పల్చని మజ్జిగ, కొబ్బరినీరు, నువ్వుల ఉండలు, అరటిపండు చాలును. మధుమేహులు తీపిని నిత్యాహారంగా కాక అత్యవసరానికి జేబులో ఉంచుకోవలెను. వణుకు, చలిచెమట, తికమక కలిగితే వెంటనే ఆగి మూడు నాలుగు చెంచాల పంచదార గాని గ్లూకోజు గాని తీసుకోవలెను. శ్రమనాడు మాత్రల మోతాదు ఎంతో ముందే వైద్యుని అడగవలెను, సొంతంగా మానరాదు.

ముఖ్య హెచ్చరిక

ఒళ్ళునొప్పులకు దుకాణంలో కొన్న నొప్పిమాత్రలు మ్రింగి తొక్కడం మిక్కిలి ప్రమాదకరం. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కవిటి, సోంపేట మొదలైన ఉద్దానం గ్రామాలలో మూత్రపిండ వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మన జిల్లావారికి చెప్పనక్కరలేదు. ఆ వ్యాధికి కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. తెలిసిన హానినైనా మనం తప్పించుకోవలెను. నొప్పికి నూనె మర్దన, ఉప్పుమూట కాపడం, నిద్ర చాలును. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీరు చాలలేదని గ్రహించవలెను.

ఛాతీనొప్పి, ఎడమచేతికి లాగుడు, స్పృహ తప్పుట వంటివి కలిగితే ఏ కషాయం కోసమూ చూడక 108కి ఫోను చేయవలెను.

మన్యంలో మలేరియా ఉన్నది. సాయంత్రం నిండు చేతుల చొక్కా, రాత్రి దోమతెర తప్పనిసరి. తిరిగి వచ్చిన నెలలోపు జ్వరం వస్తే కషాయంతో కాలయాపన చేయక ముందు రక్తపరీక్ష చేయించవలెను.

తిరుగు ప్రయాణంలో పల్లం కదా అని వేగంగా దిగరాదు. రెండు బ్రేకులనూ వదలి వదలి నొక్కుతూ, హెల్మెట్టు ధరించి, మంచు విడిన తరువాతనే దిగవలెను. ఇంటికి చేరాక మూడు రోజులు తైలాభ్యంగం, తేలికైన వేడి భోజనం, పెందలకడ నిద్ర పాటించి, ఆ తరువాతనే మళ్ళీ సైకిలెక్కవలెను.