అత్తయ్య కాలికి దారి చూపిన గ్యాసు

ఈసారి మా మేనత్త సంగతి చెప్పాలి మీకు.

పాతికేళ్ళుగా షుగరు ఆవిడకి. మొన్న పండక్కి కాళ్ళకి పసుపు రాస్తుంటే, మెట్టె పెట్టుకునే వేలి కొస నల్లగా కనిపించింది. ముట్టుకుంటే చల్లగా ఉంది. "చెప్పు కరిచిందిలేవే" అంది. నా మనసు ఒప్పుకోలేదు. పట్టుబట్టి తీసుకెళ్ళాను.

డాక్టరుగారు పాదం మీద నాడి వెతికారు, దొరకలేదు. డాప్లర్ పరీక్షలో తొడ దగ్గరే రక్తనాళం పూడుకుపోయిందని తేలింది. బెలూన్‌తో తెరవాలంటే ముందు యాంజియోగ్రామ్ తీయాలి. చిక్కు అక్కడే వచ్చింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అత్తయ్యకి 3 దాటింది. యాంజియోగ్రామ్‌కి ఎక్కించే అయోడిన్ డై బయటికి పోవాల్సింది కిడ్నీల గుండానే. అంతగా దెబ్బతిన్న కిడ్నీలని అది ఇంకా కుంగదీయొచ్చు. "కాలు దక్కించుకోబోయి డయాలసిస్ పాలవుతానేమోనే" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

డై బదులు కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తామన్నారు డాక్టరుగారు. రక్తంలోకి గ్యాసా అని నాకు గుండె ఝల్లుమంది. ఆయన ఓపిగ్గా విడమరిచారు. మనం ఊపిరితో వదిలే వాయువే అది. ఆక్సిజన్ కన్నా 20 రెట్లు ఎక్కువగా రక్తంలో కరుగుతుంది, ఊపిరితిత్తుల్లోంచి బయటికి పోతుంది. కిడ్నీలకి భారం లేదు, అలర్జీ భయమూ లేదు. నాళంలో ఉన్న ఆ కొద్ది క్షణాలు రక్తాన్ని నెట్టి నిలబడితే, ఎక్స్‌రేలో నాళం ఆకారం తెలుస్తుంది. అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం డాక్టరు ఇర్విన్ హాకిన్స్ 1970లలోనే ఈ పద్ధతికి దారి వేశారు.

గ్యాసు పైకి తేలుతుంది కదా, అందుకని కాలు కాస్త ఎత్తి పెట్టారు. ఎక్కించినప్పుడల్లా కాలు జివ్వుమందట. ఒక్కోసారికీ మధ్య కాసేపు ఆగి, మళ్ళీ ఎక్కించారు. నాళం తెరుచుకుంది. వేలి కొస పోయింది కానీ పాదం దక్కింది.

ఒక్క మాట మరిచిపోకండి. ఈ గ్యాసు ముఖ్యంగా పొట్ట, కాళ్ళ నాళాలకే. గుండెకీ మెదడుకీ వెళ్ళే నాళాల్లో వాడరు, బుడగ మెదడుకి చేరితే పక్షవాతం రావచ్చు. మెడ, తల నాళాలకైతే ఏ మందూ ఎక్కించకుండానే ఎమ్మారై తీసే పద్ధతి ఉంది.

రొయ్యలు పడనివాళ్ళకి డై కూడా పడదని కొందరంటారు, అది అపోహ. ఇదివరకు డై ఎక్కించినప్పుడు దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే మాత్రం తప్పక చెప్పాలి. ఇక కిడ్నీల విషయంలో, షుగరు లేదని ధీమా వద్దు. మన ఉద్దానం ప్రాంతంలో షుగరు, బీపీ లేనివాళ్ళకీ కిడ్నీలు పాడవుతున్నాయి.

అందుకే తల్లీ, ఇంట్లో ఎవరికైనా యాంజియోగ్రామ్ అన్నారంటే క్రియాటినిన్ రిపోర్టు చేత్తో పట్టుకెళ్ళండి. "డై లేకుండా వీలవుతుందా డాక్టరుగారూ?" అని నోరు తెరిచి అడగండి. ఈ రాత్రికి మాత్రం, పెద్దవాళ్ళ పాదాలు ఒక్కసారి దీపం వెలుగులో చూడండి.