రెండు భాషలు – ముదిమిలో మెదడుకు ఆసరా

పల్నాడు జిల్లా పిడుగురాళ్ల బజారులో కాసేపు నిలబడి చెవులు రిక్కించి వినండి. మిరపకాయల బస్తాలు దించే చోట తెలుగు వినిపిస్తుంది. దర్జీ తన ఇంటివాళ్లతో ఉర్దూలో మాట్లాడుతూ, బట్ట తెచ్చిన రైతు వైపు తిరగగానే తెలుగులోకి మారిపోతాడు. మిరప కోతకు, పత్తి తీతకు తండాల నుంచి వచ్చిన అవ్వలు తమలో తాము లంబాడీలో మాట్లాడుకుంటారు. మేస్త్రీతో మాత్రం తెలుగే. వీరిలో బడి ముఖం చూడనివారు కూడా ఉంటారు. అయినా రెండు భాషలూ తడుముకోకుండా వచ్చు.

ఇందులో వింత ఏముంది అంటారా? ఇలా రెండు భాషలతో బతకడానికీ, ముసలితనంలో మెదడు ఆరోగ్యానికీ సంబంధం ఉందేమో అని శాస్త్రజ్ఞులు చాలాకాలంగా ఆలోచిస్తున్నారు. ఈ ప్రశ్న మీద జరిగిన ముఖ్యమైన పరిశోధనల్లో ఒకటి ఎక్కడో విదేశాల్లో కాదు, మన హైదరాబాదులోనే జరిగింది. ఆ కథ తెలుసుకుందాం.

మతిమరుపు అంతా ఒకటి కాదు

వయసు మీదపడితే కొంత మరపు సహజమే. మధ్యాహ్నం ఏ కూర తిన్నామో వెంటనే గుర్తుకు రాకపోవచ్చు. కాని అన్నం తిన్న సంగతే గుర్తులేక, తనకు ఎవరూ అన్నం పెట్టలేదని తాతయ్య కంటతడి పెట్టుకుంటే? నలభై ఏళ్లుగా నడిచిన వీధిలో దారి తప్పితే? కన్నకొడుకును చూసి "నువ్వెవరబ్బాయ్?" అని అడిగితే? ఇది మామూలు మరపు కాదు. దీన్ని వైద్యులు డిమెన్షియా అంటారు. ఇళ్లల్లో చాలామంది "చాదస్తం" అనో, "పెద్దతనం" అనో సరిపెట్టుకుంటారు.

డిమెన్షియా ఒక్క జబ్బు పేరు కాదు. మెదడును దెబ్బతీసే అనేక జబ్బుల ఫలితం అది. వీటిలో ఎక్కువమందికి వచ్చేది అల్జైమర్స్ వ్యాధి. జర్మన్ వైద్యుడు అలాయిస్ అల్జైమర్ 1906లో దీన్ని మొదటిసారి వర్ణించాడు. ఇందులో మెదడులోని నాడీకణాల మధ్య, నాడీకణాల లోపల కొన్ని ప్రోటీన్లు పేరుకుపోయి, కణాలు క్రమంగా నశిస్తాయి. మెదడుకు రక్తం అందించే నాళాలు పూడుకుపోవడం వల్ల వచ్చే డిమెన్షియా మరో రకం.

డొంకదారుల రహస్యం

అమెరికాలో డేవిడ్ స్నోడన్ అనే శాస్త్రజ్ఞుడు 1986లో ఒక పరిశోధన మొదలుపెట్టాడు. అందులో 678 మంది వృద్ధ క్రైస్తవ సన్యాసినులు పాల్గొన్నారు. తాము చనిపోయాక తమ మెదళ్లను పరీక్షించడానికి వారు అనుమతి ఇచ్చారు. ఆ పరీక్షల్లో ఒక విచిత్రం బయటపడింది. కొందరి మెదడులో అల్జైమర్స్ గుర్తులు బాగానే ఉన్నాయి. కాని వారు బతికి ఉండగా జ్ఞాపకశక్తి పరీక్షల్లో చక్కగా నెగ్గారు!

ఇది ఎలా సాధ్యం? ఒక ఉపమానం చూడండి. వానాకాలంలో వాగు పొంగి పెద్ద రోడ్డు మునిగిపోయింది. ఆ రోడ్డు ఒక్కటే తెలిసినవాడు అక్కడే ఆగిపోతాడు. పొలాల మధ్య డొంకదారులు తెలిసినవాడు కాస్త ఆలస్యంగానైనా ఊరు చేరతాడు. మెదడులోనూ అంతే. నాడీకణాల మధ్య ఎన్ని ఎక్కువ దారులు పడి ఉంటే, జబ్బు కొన్నింటిని మూసివేసినా మిగిలినవి అంతకాలం పని నెట్టుకొస్తాయి. ఈ శక్తిని శాస్త్రజ్ఞులు "మెదడు నిల్వ" అంటారు. చదువు, చేతినిండా పని, నలుగురితో మెలగడం ఈ నిల్వను పెంచుతాయని భావిస్తున్నారు.

మరి రెండో భాష సంగతి?

కెనడాలో ఒక సందేహం

కెనడాలోని టొరంటో నగరంలో ఎలెన్ బియాలిస్టాక్, ఆమె సహచరులు 184 మంది రోగుల వివరాలు పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించారు. ఒకే భాష వచ్చినవారితో పోలిస్తే రెండు భాషలు వాడేవారిలో డిమెన్షియా లక్షణాలు సుమారు 4 ఏళ్లు ఆలస్యంగా కనిపించాయి.

కాని సైన్సులో ఒక ఫలితం రాగానే చప్పట్లు కొట్టరు, ప్రశ్నలు వేస్తారు. అక్కడ రెండు భాషల వారిలో చాలామంది వేరే దేశాల నుంచి వలస వచ్చినవారు. వారి తిండి వేరు, పుట్టిన ఊరు వేరు, పెరిగిన తీరు వేరు. మరి ఆ 4 ఏళ్లు భాష వల్ల కలిసివచ్చాయా, వీటిలో మరొకదాని వల్లనా? ఎలా తేల్చడం?

హైదరాబాదు ఇచ్చిన జవాబు

రెండు భాషలు మాట్లాడటం వలస వచ్చినవారికే పరిమితం కాని ఊరు కావాలి. చదువుకోనివారు కూడా రెండు భాషలు మాట్లాడే ఊరు కావాలి. అలాంటిదే హైదరాబాదు. అక్కడ తెలుగు, దక్కనీ ఉర్దూ తరతరాలుగా పక్కపక్కనే ఉన్నాయి. హిందీ, ఇంగ్లీషు కూడా వాడుకలో ఉన్నాయి.

అక్కడి నిమ్స్ ఆసుపత్రిలో నాడీవైద్యురాలు డాక్టర్ సువర్ణ అల్లాడి, స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్, మరికొందరు కలిసి ఈ పని చేపట్టారు. 2006 నుంచి 2012 వరకు మతిమరుపుతో వచ్చి, డిమెన్షియా ఉన్నట్టు తేలిన 648 మంది వివరాలు తీసుకున్నారు. వీరిలో 391 మందికి రెండు గాని అంతకంటే ఎక్కువ గాని భాషలు వచ్చు. మొదటి లక్షణం ఏ వయసులో కనిపించిందో ఇంట్లోవాళ్లను అడిగి నమోదు చేశారు.

ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఒకే భాష వచ్చినవారికి జబ్బు మొదలైన వయసు సగటున 61.1 ఏళ్లు. రెండు భాషల వారికి 65.6 ఏళ్లు. తేడా నాలుగున్నర ఏళ్లు! చదువు, వృత్తి, ఆడా మగా, పల్లె పట్నం అనే తేడాలను లెక్కలోకి తీసుకున్నా ఈ తేడా చెరిగిపోలేదు. అక్షరం ముక్క రానివారిలో సైతం తేడా కనిపించింది. అంటే ఇది బడి చదువు ఒక్కదాని వల్ల వచ్చిన లాభం కాదన్నమాట. రెండు దాటి మూడు, నాలుగు భాషలు వచ్చినంత మాత్రాన అదనపు లాభం మాత్రం కనిపించలేదు.

నాలుగున్నర ఏళ్లంటే ఎంతో ఆలోచించండి. మనవరాలు ఆరో తరగతిలో చేరి పదో తరగతి ముగించే కాలం అది. అంతకాలం తాతయ్య ఆమెను పేరు పెట్టి పిలవగలగడం చిన్న సంగతా?

ఇదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందినీ పరిశీలించింది. పక్షవాతం తరువాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవారు రెండు భాషల వారిలో 40.5 శాతం, ఒకే భాష వారిలో 19.6 శాతం మాత్రమే.

ఇది ఎలా పనిచేస్తుంది?

రెండు భాషలు వచ్చిన మనిషి నోరు తెరిచినప్పుడల్లా మెదడులో రెండు మాటలూ పోటీ పడతాయి. "నీళ్లు" అనాలా, "పానీ" అనాలా? ఒకదాన్ని ఎంచుకోవాలి, రెండోదాన్ని అణచి ఉంచాలి. ఈ సాధన రోజుకు వందలసార్లు, ఏళ్ల తరబడి జరుగుతుంది. దానివల్ల దృష్టి నిలిపే శక్తి, అదుపు చేసుకునే శక్తి బలపడతాయని శాస్త్రజ్ఞుల ఊహ.

ఈ అదుపు ఎంత కష్టమో మీరే చేసి చూడండి. ఎరుపు, పచ్చ, నీలం, నలుపు అనే మాటలను కాగితం మీద ఇరవైసార్లు రాయండి. కాని ఏ మాటనూ దాని రంగు సిరాతో రాయకండి. "ఎరుపు" అనే మాటను నీలి సిరాతో రాయాలన్నమాట. ఇప్పుడు మాటలు చదవకుండా, సిరా రంగులు మాత్రమే గబగబా చెప్పండి. ఎన్నిసార్లు తడబడ్డారు? గడియారం పెట్టి మీ స్నేహితులను కూడా పరీక్షించండి. ఇది స్ట్రూప్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1935లో వెల్లడించిన పరీక్ష.

తొందరపడి నమ్మవచ్చా?

ఒక్క సంగతి మరవకండి. హైదరాబాదు పరిశోధనలోని 391 మందికీ రెండు భాషలు వచ్చు; అయినా అందరికీ డిమెన్షియా వచ్చింది! కాబట్టి రెండో భాష జబ్బును రానివ్వదని ఈ పరిశోధన చెప్పడం లేదు. లక్షణాలు ఆలస్యమయ్యాయి అని మాత్రమే చెబుతోంది. పైగా ఇవి ఆసుపత్రికి వచ్చినవారి లెక్కలు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను కొన్నేళ్లపాటు వెంబడించి చూసిన కొన్ని ఇతర పరిశోధనల్లో ఇంత తేడా కనిపించలేదు. చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

అయితే వాదం లేని సంగతులు కూడా ఉన్నాయి. లాన్సెట్ వైద్య పత్రిక ఏర్పరచిన నిపుణుల సంఘం 2024లో ఒక నివేదిక ఇచ్చింది. మనం మార్చగలిగిన 14 కారణాలను సరిదిద్దితే, ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చు అని అందులో ఉంది. అధిక రక్తపోటు, చక్కెర వ్యాధి, పొగతాగడం, ఒంటికి పని లేకపోవడం, చెవుడు, చూపు మందగించడం, ఒంటరితనం – ఇవన్నీ ఆ పట్టికలోనివే. అవ్వ కంటిలోని శుక్లం తీయించడం, తాతకు వినికిడి యంత్రం పెట్టించడం మెదడుకు కూడా మేలు చేసే పనులే.

మీరు చేయగల పని

ఇంట్లో పెద్దవారు అడిగిందే అడుగుతుంటే, డబ్బు లెక్క తప్పుతుంటే, తెలిసిన దారి మరచిపోతుంటే నవ్వకండి, విసుక్కోకండి. వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లమని అమ్మానాన్నలకు చెప్పండి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ కొరత, మనోవ్యాకులత వంటి కారణాల వల్ల వచ్చే మరపును చికిత్సతో చాలావరకు బాగుచేయవచ్చు.

రెండో సంగతి. డిమెన్షియా ముదిరినప్పుడు కొందరు తరువాత నేర్చిన భాషను జారవిడిచి, చిన్ననాటి భాషలోనే మాట్లాడతారు. తండాలో పుట్టిన అవ్వకు చివరికి లంబాడీ ఒక్కటే మిగలవచ్చు. ఇంట్లో పిల్లలకు ఆ భాష రాకపోతే ఆమె మాట వినేదెవరు? కనుక బళ్లో తెలుగు, ఇంగ్లీషు శ్రద్ధగా నేర్చుకోండి. కాని అందుకోసం ఇంటి భాషను వదిలిపెట్టనక్కరలేదు.

ఈ వారం మీ వీధిలో అరవై దాటిన పదిమందితో మాట్లాడండి. ఎవరికి ఎన్ని భాషలు వచ్చు? ఎవరి దగ్గర, ఏ వయసులో నేర్చుకున్నారు? చదువుకున్నారా, లేదా? పేర్లు వేయకుండా ఒక పట్టిక తయారుచేసి మీ సైన్సు మాస్టారికి చూపించండి. పదిమంది లెక్కతో ఏ సిద్ధాంతమూ రుజువు కాదు. కాని ఆ పదిమందితో ఒక పూట ఎవరో కూర్చుని మాట్లాడినట్టవుతుంది.