దూసుకెళ్లే బండ్ల మధ్య కబురు చేరేదెలా?

సందేహం: బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టుగా వాహనాల మధ్య వైర్‌లెస్ నెట్‌వర్క్‌ను సిమ్యులేషన్ చేస్తున్నాను. ప్యాకెట్లకు దారి వెతికే ఏఓడీవీ ప్రోటోకాల్ పెట్టాను. బండ్లు నెమ్మదిగా వెళ్తున్నంతసేపూ బాగానే ఉంది, వేగం పెంచగానే ప్యాకెట్లు విపరీతంగా పోతున్నాయి. కోడ్‌లో తప్పుందా?
– ఒక విద్యార్థిని, కాకినాడ

సమాధానం: తప్పు కోడ్‌లో ఉండకపోవచ్చమ్మా. ముందు కాగితం మీద ఒక లెక్క వేసి చూడు. రేడియో రేంజి 300 మీటర్లు అనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వచ్చే రెండు కార్లు ఒకదానికొకటి అందేది 11 సెకన్లకు మించదు. అవే కార్లు ఒకే దిశలో, 10 కిలోమీటర్ల వేగం తేడాతో వెళ్తే లింకు మూడున్నర నిమిషాలు నిలుస్తుంది. ఏఓడీవీకి ఈ రెండు లింకులూ ఒకటే.

పైగా అది తక్కువ హాప్‌ల, అంటే బండి నుంచి బండికి తక్కువ గెంతులున్న దారికి మొగ్గు చూపుతుంది. హాప్‌లు తగ్గాలంటే ఒక్కో హాపూ పొడవుగా ఉండాలి. అంటే రేంజి అంచున ఉన్న బండే ఎంపికవుతుంది, అందరికన్నా ముందు చేజారేదీ అదే. ఐదు హాప్‌లలో ఒక్కటి తెగినా దారంతా పోయినట్టే, మళ్లీ వెతుకులాట మొదలు. దగ్గరి దారి కన్నా ఎక్కువసేపు నిలిచే దారే మనకు కావాలి.

బ్రాడ్ కార్ప్, హెచ్.టి. కుంగ్ 2000లో ప్రతిపాదించిన జీపీఎస్‌ఆర్ చదువు. అందులో దారిని గుర్తుపెట్టుకునే పని లేదు. గమ్యానికి ఏ పొరుగు బండి దగ్గరగా ఉంటే దానికి ప్యాకెట్ అందించడమే. అయితే ఆ పొరుగు బండి తన స్థానం చెప్పి ఒక్క సెకను దాటినా, 100 కిలోమీటర్ల వేగంలో 28 మీటర్లు జరిగిపోయి ఉంటుంది. ఊళ్లోనైతే భవనాలు అడ్డం. అందుకని పొరుగును ఎంచేటప్పుడు స్థానంతో పాటు వేగం, దిశ కూడా లెక్కలోకి తీసుకో. బండ్లను మైదానంలో తిప్పినట్టు ఇష్టం వచ్చిన దిక్కుకు తిప్పకు. సుమో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నిజమైన రోడ్ల మ్యాపు పెట్టి నడుపు. ఎన్ని ప్యాకెట్లు చేరాయో ఒక్కటే చెబితే చాలదు, ఎంత ఆలస్యంగా చేరాయో కూడా రిపోర్టులో రాయి.

సందేహం: మా ఘాట్ రోడ్డులో రాత్రిపూట బండ్లే ఉండవు. ముందు కొండచరియ పడితే ఆ కబురు ఎవరి ద్వారా వస్తుంది?
– ఒక లారీ డ్రైవరు, పాడేరు

సమాధానం: చరియను చూసి వెనక్కి తిరిగిన బండే మోసుకొస్తుందండీ. అందించడానికి ఎవరూ లేనప్పుడు కబురును పారేయకుండా దాచుకుని, మీలాంటి వారు రేంజిలోకి రాగానే అందించే పద్ధతి ఉంది. కొన్ని నిమిషాలు ఆలస్యమైనా ఈ కబురుకు విలువ తగ్గదు. కొండ మలుపు దగ్గర మాత్రం చిక్కుంది. ఈ రేడియోలు సాధారణంగా వాడే 5.9 గిగాహెర్ట్జ్ తరంగాలు కొండను చుట్టి రాలేవు. అలాంటి చోట రోడ్డు పక్కన ఒక యూనిట్ నిలపాల్సిందే. మన బండ్లలో ఈ పరికరాలు ఇంకా మామూలు కాలేదు కాబట్టి, ప్రస్తుతానికి మలుపులో హారన్ మానకండి.

సందేహం: ముందు కారు సడన్ బ్రేకు వేసిందన్న కబురును వెనకున్న బండ్లన్నీ తిరిగి పంపితే గందరగోళం కాదా?
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

సమాధానం: నిజంగానే అవుతుంది. అందుకే కబురు విన్న ప్రతి బండీ కాసేపు ఆగుతుంది. పంపిన బండికి ఎంత దూరంలో ఉంటే అంత తక్కువసేపు ఆగుతుంది. దూరంగా ఉన్నది ముందు పంపేస్తుంది, అది విన్న మిగతావి ఊరుకుంటాయి. ఇక దగ్గరి బండ్లకు రిలే అవసరమే లేదు. కార్లు తమ స్థానం, వేగం సెకనుకు 10 సార్ల వరకు నేరుగా ప్రసారం చేస్తాయి, ఒకటి పోయినా మరొకటి వెంటనే వస్తుంది. వేలాది బండ్లు పంచుకోవాల్సిన రేడియో తరంగాల చోటు మాత్రం ఇరుకు. అమెరికా 1999లో వాహనాల కోసం 75 మెగాహెర్ట్జ్ కేటాయించి, 2020లో దాన్ని 30కి కుదించింది.