పిల్లలతో నందికొండకు

అక్కల్లారా! కాశ్మీరులో గుల్మార్గ్ అనే ఊరు ఉంది. చలికాలంలో అక్కడి కొండల నిండా మంచే. జనం కాళ్లకు పొడవాటి బద్దలు కట్టుకుని మంచు మీద జారుతారు. ఆ ఆటను స్కీయింగ్ అంటారు.

మన దగ్గర మంచుకొండ లేదు. చల్లని కొండ ఉంది. అదే నందికొండ. కర్ణాటకలో చిక్కబళ్లాపురం దగ్గర ఉంది. ఎత్తు సుమారు 4,850 అడుగులు. పైన టిప్పు సుల్తాను వేసవి మహలు ఉంది. కింద నంది ఊళ్లో భోగనందీశ్వరుని గుడి ఉంది. మన పెన్న పుట్టింది ఆ కొండల్లోనే. ఆ పెన్న మీదే మన పేరూరు డ్యాము కట్టారు.

ఆదివారం నందికొండ మీద జాతరలా జనం. చేయి వదిలితే బిడ్డ తప్పిపోవచ్చు. అందుకని పోయే ముందే ఒక చీటీ రాయండి. బిడ్డ పేరు, మీ పేరు, ఊరు, ఫోను నంబరు రాయండి. బిడ్డ జేబులో పెట్టండి. అక్కడివాళ్లది కన్నడం. మన తెలుగు రాకపోయినా అంకెలు చదువుతారు, ఫోను చేస్తారు. బిడ్డ ఏడుస్తూ చెప్పలేకపోయినా చీటీ చెబుతుంది.

ఈ చీటీ కోసం ఎవరినీ బతిమాలే పని లేదు. మీరే రాయగలరు.

జవాబు చెప్పండి:
1. పెన్న ఎక్కడ పుట్టింది?
2. చీటీలో ఏమేమి రాయాలి?

రాయండి:
మీ బిడ్డకు చీటీ రాయండి. పక్కనున్న అక్కతో చదివించండి.