పాత బండి కొనేముందు

కొడుకు అశోక్ నగర్‌లో ఒక పాత అవెంజర్ బండి చూసొచ్చాడు. కాళ్లు ముందుకు చాచి కూర్చునే బండి. పాతదే గాని మెరిసిపోతోంది. తల్లి చిక్కడపల్లిలో కూరగాయలు అమ్ముతుంది. కొనే డబ్బు సంఘంలో తీసిన అప్పు. ఆమె తొందరపడలేదు.

పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా ఇద్దరూ వెళ్లారు. ముందే వేడిచేసి పెడితే లోపం తెలియదు. స్టార్టు చేశారు. నీలం పొగ వస్తే ఇంజనులో ఆయిలు కాలుతున్నట్టు. రాలేదు. ఇద్దరూ ఎక్కి నారాయణగూడ ఫ్లైఓవర్ మీదికి పోయారు. బండి బాగానే లాగింది.

ఇక కాగితాలు. ఆర్.సి. కార్డులో చాసిస్ నంబరు ఉంటుంది. అక్షరాలు, అంకెలు కలిపి 17. అదే నంబరు హ్యాండిల్ దగ్గర ఇనుము మీద కొట్టి ఉంటుంది. ఆమె వేలు పెట్టి ఒక్కొక్కటే సరిచూసింది. కలిసింది. ఇంజను నంబరూ కలిసింది. కాని కార్డులో ఒక ఫైనాన్సు కంపెనీ పేరు కనిపించింది.

"ఆ అప్పు ఎప్పుడో తీర్చేశానమ్మా" అన్నాడు అమ్మే అబ్బాయి.

"తీరిందని కంపెనీ ఇచ్చిన కాగితం, ఫారం 35 తీసుకురా బాబూ. పేరు మార్చడానికి 29, 30 ఫారాల మీద సంతకం పెట్టు. చలాన్లుంటే కట్టెయ్యి. అప్పుడు మాట్లాడుకుందాం" అంది.

బయానా కూడా ఇవ్వలేదు.