కామాఠిపురా అల్లుడికి ఇంటర్నెట్ బిల్లుల లెక్క



ముంబై కామాఠిపురాలో కేబుల్ ఇంటర్నెట్ ఇచ్చే ఆఫీసులో నీకు బిల్లుల పని అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రూటర్ల మధ్యే తల నెరిసిన మామ, ఆ మాట విన్నాక నాలుగు ముక్కలు రాయకుండా ఊరుకుంటాడా?

ముందు నీ ఖాతాదారులు ఎవరో చూడు. నైజాం ఇలాకా నుంచి కట్టుబడి పనులకు వలస వచ్చిన తెలుగు కామాఠీల వల్లే ఆ పేటకు ఆ పేరొచ్చింది. అక్కడి గల్లీలకు నంబర్లే పేర్లు. పాత చాళ్లలో ఒక్క కనెక్షన్ మీద రెండు మూడు గదులవాళ్లు నెట్టుకొస్తుంటారు. బిల్లు పెరిగితే "మేమింత వాడలేదు" అని మెట్లెక్కి వచ్చేదీ వాళ్లే. ఆ రోజు వాళ్ల ముందు పెట్టడానికి తారీఖుతో, టైముతో సహా రీడింగులు ఉండాలి. రంగురంగుల గ్రాఫు చూపిస్తే ఎవరూ నమ్మరు.

1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు లెక్క గంటల్లో ఉండేది. 2005లో ఎంటీఎన్‌ఎల్ ట్రైబ్యాండ్ వచ్చేసరికి ఎంబీల్లోకి మారింది. ఇప్పుడు అంతా అన్‌లిమిటెడే అంటారు గానీ, ఇన్ని జీబీలు దాటితే వేగం తగ్గుతుందన్న షరతు చాలా ప్లాన్లలో ఉంది. కాబట్టి కొలవక తప్పదు.

ట్రాఫిక్ గ్రాఫులకు 1995లో టోబీ ఓటికర్ ఎంఆర్‌టీజీ రాశాడు, 1999లో ఆర్‌ఆర్‌డీటూల్ తెచ్చాడు. రెండూ బంగారం లాంటి పనిముట్లే. లైను నిండిందా లేదా అన్నది చిటికెలో తెలిసిపోతుంది. కానీ ఫైలు పెరగకుండా ఉండటానికి అవి పాత రీడింగులను సగటు చేసి కుదించేస్తాయి. పెద్ద లైన్లకు బిల్లు కట్టే పద్ధతి తెలుసుగా: ఐదు నిమిషాలకో రీడింగ్ చొప్పున 30 రోజులకు 8,640. అందులో పైనున్న 432 తీసేస్తే, మిగిలినవాటిలో పెద్దదానికే ధర. సగటు చేసిన అంకెల్లో ఆ శిఖరాలు అణిగిపోతాయి. అందుకే బిల్లు రీడింగులు డేటాబేసులో, పోస్ట్‌గ్రెస్‌లోనో మైఎస్‌క్యూఎల్‌లోనో ముడిగా ఉండాలి: సమయం, పరికరం, పోర్టు, కౌంటర్ అంకె, పరికరం ఎంతసేపటి నుంచి నడుస్తోందన్న లెక్క.

ఈ ఆఖరి గడి ఎందుకో చెబుతా. రూటర్ కౌంటర్ మీ చాల్ మెట్ల కింద ఉన్న బెస్ట్ వాళ్ల కరెంటు మీటరు లాంటిదే. తిరుగుతూనే ఉంటుంది, రెండు రీడింగుల తేడాయే వాడకం. పాత 32 బిట్ల కౌంటర్ 4,29,49,67,296 బైట్లకు మళ్లీ సున్నాకొస్తుంది. నూరు మెగాబిట్ల లైను నిండుగా పారితే 5 నిమిషాల 44 సెకన్లలో, గిగాబిట్ లైనైతే 34 సెకన్లలో ఒక చుట్టు పూర్తి. ఐదు నిమిషాలకోసారి చూసేవాడికి మధ్యలో ఎన్ని చుట్లు తిరిగిందో తెలిసే దారి లేదు. అందుకని 64 బిట్ల కౌంటరే అడుగు. ఇంకోటి, ఖాతాదారు వైపున్న పోర్టులో "ఇన్" అంటే అతను పంపింది, "అవుట్" అంటే అతను దించుకున్నది. తిరగేసి రాస్తే నెలంతా తారుమారే.

కరెంటు పోయినా కౌంటర్ సున్నాకొస్తుంది. 2020 అక్టోబర్ 12న పొద్దున గ్రిడ్ దెబ్బతిని ముంబై మొత్తం ఆగిపోయింది గుర్తుందా? అలాంటి రోజున బ్యాటరీ లేని స్విచ్‌లన్నీ మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతాయి. అంకె తగ్గిందంటే చుట్టు తిరిగిందనుకునే ప్రోగ్రామైతే, 32 బిట్ల కౌంటర్ మీద ఏ పాపమూ ఎరగనివాడి ఖాతాలో నాలుగు జీబీల దాకా వేసేస్తుంది. నడుస్తున్న సమయం కూడా తగ్గిందా అని చూస్తే పట్టేయొచ్చు.

ఇళ్ల కనెక్షన్ల లెక్క, లాగిన్లనూ వాడకాన్నీ నమోదు చేసే రేడియస్ సర్వర్ నుంచి వస్తుంది. సర్వర్ జవాబు అందకపోతే లెక్క పంపే పరికరం అదే రికార్డును మళ్లీ పంపుతుంది. సెషన్ నంబరు మీద యునీక్ కీ పెట్టకపోతే ఒకే వాడకానికి రెండు సార్లు డబ్బులడిగినట్టవుతుంది. గడియారం సంగతీ చూసుకో. నెల లెక్క యూటీసీలో తెగితే, ఒకటో తారీఖు అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున ఐదున్నర దాకా వాడింది పోయిన నెల బిల్లులో పడుతుంది. యూటీసీలో దాచు, మన టైము ప్రకారం నెల తెంపు.

ఐదు వందల కనెక్షన్లంటే ఐదు నిమిషాలకో రీడింగ్ చొప్పున రోజుకు 1,44,000 వరుసలు. భయపడకు, నెలకో పార్టిషన్ చెయ్యి, రోజువారీ మొత్తాలు వేరే పట్టికలో పెట్టు. ఇచ్చేసిన బిల్లును మాత్రం దిద్దకు. తప్పుంటే సవరణను కొత్త వరుసగా వెయ్యి. ప్లాన్ ధర ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా ఉందో కూడా రాసిపెట్టు.

అన్నిటికన్నా ముఖ్యమైంది మీ పేటకు సంబంధించింది. అక్కడ ఎవరు ఏ గదిలో ఉంటారు, ఎవరితో మాట్లాడతారు అన్నది బయటికి పొక్కితే కొందరు ఆడవాళ్ల బతుకే ఇబ్బందుల్లో పడుతుంది. బిల్లుకు కావలసింది ఎవరు, ఎప్పుడు, ఎంత అన్నంతవరకే. ఏ సైటుకు వెళ్లారన్నది బిల్లు పట్టికలోకి రానివ్వకు. లైసెన్సు ప్రకారం రెండేళ్లు దాచాల్సిన, ఎవరు ఎక్కడికి కనెక్టయ్యారో చూపే ఐపీడీఆర్ రికార్డులను వేరే సర్వర్లో, వేరే తాళంతో పెట్టించు. వసూళ్లకు తిరిగే కుర్రాళ్లకు దాని పాస్‌వర్డ్ ఇవ్వొద్దు.

ఈ వారం పాత బ్యాకప్ ఒకటి తీసి, దాంతో పోయిన నెల బిల్లులు మళ్లీ తయారుచేసి చూడు. పైసా తేడా వచ్చినా పట్టికల వివరం తీసుకుని ఆదివారం వర్లీకి రా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ మామ