నోరు దాచినా ఉమ్మి దాచదు

తెనాలి

చిరంజీవి రఘుకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న రగ్బీ మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలి కళ్ళు బైర్లు కమ్మాయనీ, కోచ్‌తో ‘ఏం కాలేదు’ అని చెప్పి ఆట పూర్తిచేశావనీ మీ చెల్లి చెప్పింది. మీ అమ్మకి ఇంకా తెలీదు. తిట్టడానికి రాయట్లేదురా. డ్రిల్లు మాస్టారుగా నేను చేసిన తప్పొకటి నీకు చెప్పాలి.

ఓ కబడ్డీ పోటీలో మా పిల్లాడి తల అవతలివాడి మోకాలికి కొట్టుకుంది. లేచి నవ్వాడు. మొహాన నీళ్ళు కొట్టి మళ్ళీ కూతకి పంపించాను. కాసేపటికి ‘స్కోరెంత మాస్టారూ?’ అన్నాడు. చెప్పాను. రెండు నిమిషాలకి మళ్ళీ అదే ప్రశ్న. మూడోసారీ అదే. గెలుస్తున్న హుషారులో పట్టించుకోలేదు. తిరుగు బస్సులో వాంతులు మొదలయ్యాక గానీ నాకు కాళ్ళు వణకలేదు. గండం గడిచింది కానీ, నెలరోజులపాటు పుస్తకం తెరిస్తే తలనొప్పి అనేవాడు.

కంకషన్‌తో, అంటే దెబ్బకి మెదడు అదరడంతో, వచ్చే చిక్కే అది. బొప్పి కట్టకపోవచ్చు, స్కానింగులో ఏమీ కనపడకపోవచ్చు. డాక్టరు చాలామటుకు ఆటగాడి మాట మీదే ఆధారపడాలి. వాడేమో బెంచీ మీద కూర్చోవాల్సి వస్తుందని బొంకుతాడు.

నువ్వు చదివే బర్మింగ్‌హామ్ యూనివర్సిటీవాళ్ళే దీనికో దారి వెతికారు. ప్రొఫెసర్ ఆంటోనియో బెల్లీ బృందం ఇంగ్లండ్‌లో పై రెండు అంచెల రగ్బీ ఆడే 1,028 మంది పురుషులతో 2017 నుంచి 2019 దాకా రెండు సీజన్లు పరిశోధన చేసింది. తలకి దెబ్బ తగిలినవాళ్ళ ఉమ్మిని ఆట మధ్యలో, ఆట అయ్యాక, మళ్ళీ 36–48 గంటలకి పట్టారు. ఏ జన్యువు ఎంత పనిచేయాలో అదుపుచేసే చిట్టి ఆర్‌ఎన్‌ఏలు మన ఒంట్లో ఉంటాయి. మెదడు అదిరితే వాటిలో హెచ్చుతగ్గులు వస్తాయి, ఆ తేడా ఉమ్మిలోనూ తెలుస్తుంది. అలాంటివి 14 కలిపి చూస్తే కంకషన్ అయిందో లేదో నూటికి 94 సార్లు సరిగ్గా తేలిందని 2021లో ప్రకటించారు. కాలో చెయ్యో దెబ్బతిన్నవాళ్ళ ఉమ్మితోనూ పోల్చి మరీ చూశారు.

అయితే ఆ పరీక్ష మగ ప్రొఫెషనల్ ఆటగాళ్ళ మీదే జరిగింది. పైగా ఉమ్మిని ల్యాబ్‌కి పంపాలి, గ్రౌండ్ పక్కన అప్పటికప్పుడు తేలే పని కాదు.

‘బాగానే ఉన్నానుగా’ అంటావేమో. 2019లో లార్డ్స్‌లో జరిగిన క్రికెట్ టెస్టులో ఇంగ్లండ్ బౌలర్ ఆర్చర్ బంతి మెడకి తగిలి పడిపోయిన ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ కూడా అదే రోజు తిరిగొచ్చి ఆడి 92కి అవుటయ్యాడు. మర్నాడు పొద్దున లక్షణాలు బయటపడ్డాయి. అతని బదులు లబుషేన్ దిగాడు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే ప్రాణం మీదికి రావచ్చు.

ఉత్తరం అందగానే కోచ్‌కి జరిగింది జరిగినట్టు చెప్పు. డాక్టరు సరేననేదాకా బంతి ముట్టుకోకు. తలనొప్పి పెరిగినా, వాంతి వచ్చినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళు. మీ అమ్మకి నువ్వే ఫోన్ చెయ్యి. నేను చెబితే బాగుండదు.

ఆశీస్సులతో,
తాతయ్య